బద్లీ వేలు

ఆ మంగళవారం పొద్దున నరహరి చెయ్యవలసిన పని ఒక్కటే: ఏ పనీ చెయ్యకపోవడం. ముప్పై ఏళ్లుగా రోజుకు పన్నెండు గంటలు మరమగ్గాల మధ్య నిలబడి బట్ట నేసిన మనిషికి ఇంత కష్టమైన పని ఇంతకు ముందు ఎవరూ అప్పగించలేదు.

ఎనిమిది గంటలకు స్కానింగు. ఎనిమిది నెలల కిందట అతని మెడలో లేచిన గడ్డ క్యాన్సరని తేలింది. ఆరు విడతలు మందు ఎక్కించారు. వెంట్రుకలు పోయాయి, నాలుకకు రుచి పోయింది, ఆ మందులతో పాటు చక్కెర జబ్బు కూడా కొత్తగా వచ్చి చేరింది. ఆఖరి విడత అయి ఆరు వారాలు. రోగం ఒంట్లో ఇంకా మిగిలి ఉందో లేదో ఈ స్కానింగు చెబుతుంది. లేదని తేలితే నరహరి మళ్లీ పనిలోకి పోతాడు. ఉందని తేలితే మళ్లీ మొదటి నుంచి మొదలు.

కూతురు హారతి నియమాలన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించింది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి భాష తెలుగే అయినా లిపి గుజరాతీ. దాన్ని చదవగలిగింది ఇంట్లో ఆమె ఒక్కతే. అందుచేత గంటకోసారి తనే చదివి వినిపించేది.

"బాపూ, సూది మందుల చక్కెర ఉంటది. రోగానికి చక్కెరంటే బహుత్ పసంద్. అది ఎక్కడుంటే అక్కడ గుంజుకొని తింటది, ఫోటోల మెరుస్తది. నీ రక్తంల ముందే చక్కెర నిండుగుంటే దానికి ఆకలే కాదు. మందు ముట్టది. రోగం ఉన్నా ఫోటోల కనబడది. సమజైందా?"

"అయింది బిడ్డా."

"కాళ్లు చేతులు ఆడిస్తే గవి గూడ తింటయి. అందుకే నడవద్దు, బరువెత్తద్దు, ఏం నమలద్దు. సూది ఇచ్చినంక మాట్లాడద్దు. రాత్రి ఎనిమిది సంది నీళ్లు తప్ప ఏం ముట్టద్దు."

ఆ పిల్ల ఇంత కచ్చితంగా ఉండటానికి కారణం ఉంది. పదిహేను రోజుల కిందట మొదటిసారి స్కానింగు పెట్టినప్పుడు, బాపును కాస్త హుషారు చేద్దామని ముందురోజు డుమస్ తీసుకుపోయింది తనే. నరహరి సముద్రం చూశాడు, టమాటా భజియాలు రెండు ప్లేట్లు తిన్నాడు, ఇసుకలో మైలు దూరం నడిచాడు. మర్నాడు చక్కెర రెండు వందల అరవై నాలుగు. ఆ సూది మందు తెల్లవారుజామున వేరే ఊరి నుంచి వస్తుంది, రెండు గంటలకోసారి బలం సగానికి పడిపోతుంది. దాచిపెట్టి రేపిస్తామనే బేరం లేదు. ఇంకో తారీకు రాసిచ్చి ఇంటికి పంపేశారు. ఆ రాత్రి హారతి అన్నం తినలేదు. నరహరికి తన రోగం కంటే ఆ పస్తే ఎక్కువ బాధ పెట్టింది.

ఆరున్నరకు సోమలింగం వచ్చాడు. ఇద్దరూ పద్మశాలీలే, చుట్టరికం లేకపోయినా వావి కలుపుకొని బావా బామ్మర్దులయ్యారు. పక్కపక్క మగ్గాల మీద ఇరవై ఏళ్లు. ఈ ఎనిమిది నెలలూ నరహరి చోటు పోకుండా, తన మగ్గాలతో పాటు అతని మగ్గాల దగ్గర కూడా బద్లీగా నిలబడ్డాడు. ఎవరైనా రాని రోజు అతని పేరు మీద ఇంకొకరు నిలబడితే కార్ఖానాలో దాన్ని బద్లీ అంటారు. మగ్గం ముందు మనిషి ఉన్నాడా లేడా అన్నదే లెక్క. ఏ మనిషి అన్నది ఎవరూ తరచి చూడరు.

"తమ్మీ, చాయ్ పెట్టిన, తాగు" అంది నరహరి భార్య కొమురవ్వ, గ్లాసు గట్టు మీద పెట్టి.

"ఇయ్యాల ఒక్కపొద్దక్కా. బావ ఫోటో మంచిగ రావాలని మొక్కుకున్న. రాత్రి సంది ఏం ముట్టలే. చాయ్ గూడ ముట్ట."

కొమురవ్వ కళ్లు తుడుచుకుంటూ ఫైలు సర్దడానికి లోపలికి పోయింది. హారతి స్కూటీ తీసుకొని ముందే బయలుదేరింది, బిల్లు కౌంటరు దగ్గర వరుసలో నిలబడటానికి. సోమలింగం ఆటో కోసం సందు చివరికి పోయాడు. గదిలో నరహరి, గట్టు మీద పొగలు కక్కుతున్న చాయ్ గ్లాసు మిగిలారు.

ఆటో తెచ్చిన సోమలింగం, నడవద్దన్న నియమాన్ని తన పద్ధతిలో అర్థం చేసుకున్నాడు. "నువ్వు కాలు కదపకు బావా" అని నరహరిని అమాంతం ఎత్తి భుజం మీద వేసుకున్నాడు. వాళ్లుండే నవాగామ్ సందుల్లో ఆ వేళకు అందరూ గుమ్మాల్లోనే ఉంటారు. గుండు మనిషి ఒకడు భుజం మీద వేలాడుతూ పోతున్నాడు, వెనుక పెళ్లాం కళ్లు తుడుచుకుంటోంది. చూసినవాళ్లు ఇంకేమనుకుంటారు? నాలుగిళ్లు దాటేసరికి ఇద్దరు ముసలమ్మలు ఏడుపు అందుకున్నారు. నరహరి తలకిందులుగానే చెయ్యెత్తి, "నేను బతికే ఉన్న, ఫోటో దిగొస్త" అని అందరికీ విడివిడిగా చెప్పుకోవలసి వచ్చింది.

ఫైలు చేతికిచ్చి కొమురవ్వ ఇంటికి మళ్లింది. ఆటో డిండోలి దాటాక నరహరి గొంతు తగ్గించి అన్నాడు.

"బామ్మర్దీ, తప్పయింది."

"ఏమైంది బావా?"

"నీ చాయ్ నేను తాగిన."

సోమలింగం నోరు తెరిచాడు. "మొత్తమా?"

"సగం. తాగాలనుకోలే. గ్లాసు కనబడ్డది, చెయ్యి పోయింది. గొంతు దిగినంక యాదికొచ్చింది."

"చక్కెర చాయ్ కదా?"

"ఏమో. నాకు ఏ రుచి తెలుస్తది ఇప్పుడు?"

సోమలింగం వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. సహారా దర్వాజా దగ్గర సిగ్నల్ పడింది. "పోనియ్, ఒకందుకు మంచిదే. రక్తంల చక్కెరుంటే రోగం మెరవదని హారతి చెప్పలే? ఫోటో సాఫ్‌గ వస్తది!" అన్నాడు.

నరహరి నవ్వాడు గానీ, ఆ మాట లోపల ఎక్కడో హాయిగా తగిలింది. అది అతనికే సిగ్గనిపించింది. మగ్గం మీద నేసిన పచ్చి బట్టలో పోగు తెగిన చోటు అప్పుడు కనబడదు, మడతలో పెట్టి పంపేయొచ్చు. రంగు వేశాక మిల్లులో గీత పడి బయటకొస్తుంది. అట్లా పంపినవాళ్ల మీద నరహరి జీవితమంతా విసుక్కున్నాడు. అయినా ఆ పొద్దున అతనికి కావలసింది నిజం కాదు. బాగైపోయిందని ఎవరో ఒకరు చెప్పడం. ఇంకోసారి తారీకు వేస్తే హారతి ముఖం చూడలేడు.

"మల్ల ఎనక్కి పంపుతరు రా" అన్నాడు.

"ఎందుకు పంపుతరు? వేలు గుచ్చి చూసేది ఒక్క బొట్టు. ఆ బొట్టు నాది. రాత్రి సంది కడుపుల ఏం లేదు, నా రక్తం గంజి లెక్క తెల్లగుంటది. బద్లీ నిలబడుడు నాకు కొత్తనా? పేరు పిలిస్తే నేను లేస్త."

నరహరి వద్దని చెప్పడానికి రింగ్ రోడ్ దాకా టైముంది. చెప్పలేదు.

స్కానింగు సెంటరు మూడో అంతస్తులో. హాల్లో పది మంది దాకా కూర్చున్నారు. కొందరికి టోపీలు, కొందరికి కొంగులు, తల మీద ఉండవలసినవి ఎవరికీ లేవు. నర్సు జిగ్నాబెన్ ఫైలు చూసి పిలిచింది.

"నరహరిభాయ్!"

సోమలింగం లేచాడు. నరహరి నేల చూశాడు. జిగ్నాబెన్ సోమలింగం చేతికి పేరు పట్టీ కట్టింది, వేలు గుచ్చింది, వచ్చిన బొట్టును యంత్రానికి అందించింది. యంత్రం చిన్నగా కూత పెట్టింది. ఆమె కళ్లద్దాలు పైకి తోసి మళ్లీ చూసింది.

"మూడు వందల పద్దెనిమిది! పొద్దున ఏం తిన్నారు?" అంది హిందీలో.

సోమలింగం అదిరిపడ్డాడు. "ఏమీ తినలేదు బెన్. మా అమ్మ మీద ఒట్టు."

"ఇక్కడికొచ్చే ప్రతివాళ్లకీ అమ్మ ఉంటుంది. నిజం చెప్పండి."

"మిషన్ ఖరాబుంది. మళ్లీ చూడండి."

రెండో వేలు గుచ్చింది. మూడు వందల ఇరవై రెండు. జీవితంలో మొట్టమొదటిసారి నూటికి నూరు పాళ్లు నిజం చెబుతున్నవేళ ఎవరూ నమ్మకపోవడం సోమలింగానికి చాలా అవమానమనిపించింది.

జిగ్నాబెన్ నీళ్ల సీసా అతని చేతిలో పెట్టింది. "ఇది మొత్తం తాగి గంట కూర్చోండి. రెండు వందల లోపుకు దిగకపోతే ఇంటికే. డాక్టరుగారికి చెబుతాను." అని ఫైలు తిప్పుతూ, "ఆఖరి కీమో ఎప్పుడైంది?"

"ఆరు వారాలు" అన్నాడు సోమలింగం. అది మాత్రం బాగా గుర్తుంది.

ఆమె తలెత్తి అతని జుట్టు చూసింది. కాలరు దాకా దిగి, పాపిడి తీసి, నూనె రాసి దువ్విన ఒత్తయిన జుట్టు. "ఆరు వారాల్లో ఇంత జుట్టా?"

ఒక్క క్షణం ఆలోచించి ఉంటే సోమలింగం బతికిపోయేవాడు. ఆలోచించలేదు. "మా ఊరి నూనె, బెన్" అన్నాడు గట్టిగా. మగ్గాల చప్పుడులో బతికినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు.

హాల్లో పది తలలు ఒకేసారి తిరిగాయి.

ముందు టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన వెనుక ఇద్దరు ఆడవాళ్లు. ఏం నూనె, ఎక్కడ దొరుకుతుంది, రోజుకెన్నిసార్లు? సోమలింగం మొదట కొబ్బరినూనె అన్నాడు, వాళ్ల ముఖాలు చిన్నబోయేసరికి తట్టుకోలేక గుంటగలగరాకు కలిపాడు. ఇంకొకరు అడిగితే మెంతులు వేశాడు. టోపీ పెద్దాయన రాసుకుంటుంటే నోరు ఆగక, రాగి గిన్నెలో మూడు రోజులు ఎండబెట్టించాడు. ఎవరినీ మోసం చెయ్యాలని కాదు. అడిగినవాళ్లను ఒట్టి చేతులతో పంపడం ఆ మనిషికి చేతకాదు, అంతే. ఒక ముసలమ్మ నరహరి గుండు వంక జాలిగా చూసి, "నువ్వూ రాసుకో నాయనా, నీకూ వస్తుంది" అని ఓదార్చింది.

ఆఖరున ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో, హారతి ఈడు. చున్నీని చెవుల మీదుగా గట్టిగా చుట్టుకుంది. "చాచా, నాకు మూడు వారాల్లో నిశ్చితార్థం. అప్పటికి కొంచెమైనా వస్తుందా?" అని అడిగింది.

"వస్తుంది బేటీ. ఎందుకు రాదు?" అన్నాడు సోమలింగం.

నరహరి ఆ చున్నీ వంక చూశాడు. మూడు వారాల తర్వాత ఈ పిల్ల అద్దం ముందు నిలబడుతుంది. రాగి గిన్నె, మెంతులు, మూడు రోజుల ఎండ, అన్నీ అయ్యాక తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. ఒక మంచి అబద్ధం చెప్పించుకోవడానికి ఆ పిల్ల ఎంత ఆశగా వచ్చిందో, పొద్దున ఆటోలో తనూ అంతే ఆశగా కూర్చున్నాడు. అతను లేచి నిలబడ్డాడు.

"బెన్, నరహరి నేను" అన్నాడు హిందీలో. "ఆ రక్తం నాది కాదు. ఆ జుట్టూ నాది కాదు. నూనె అబద్ధం. బేటీ, ఆ నూనె నమ్మకు. ఈయన నా బామ్మర్ది, నా కోసం చెప్పాడు."

సరిగ్గా అప్పుడే బిల్లు కాగితంతో హారతి మెట్లెక్కి వచ్చింది. చేతికి తండ్రి పేరు పట్టీ కట్టుకొని సోమలింగం మామ, చుట్టూ కాగితాలు పట్టుకున్న జనం, మధ్యలో నిలబడి చేతులు జోడిస్తున్న బాపు. "బాపూ, యే క్యా హై? ఏం చేసిండ్రు మీరు?"

నరహరి చాయ్ సంగతి మొత్తం చెప్పాడు. హారతి ఫోను తీసి తల్లికి కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది.

"అమ్మా, పొద్దుగాల చాయ్‌ల చక్కెర ఎంతేసినవ్?"

"చక్కెరనా?" కొమురవ్వ గొంతు హాలంతా మోగింది. "ఇంట్ల చక్కెరేడిది? మొన్న ఎనక్కి పంపిన్నాడే డబ్బా అవుతల పారబోసిన. మీ బాపు చేతికి దొరకద్దని. పదిహేను దినాల సంది అందరం సప్పటి చాయే తాగుతున్నం. ఎందుకడిగినవ్? ఆఁ, తమ్ముడున్నడా అక్కడ? ఒక్కపొద్దన్నడు, గ్లాసు సూస్తే సగం ఖాళీ. మొక్కు మొక్కి చాయ్ తాగుతరా ఎవరన్నా?"

సోమలింగం నోరు తెరిచి, నరహరి వంక చూసి, మూసుకున్నాడు. ఆ పొద్దున అతని మీద పడ్డ నిందల్లో అది రెండోది.

జిగ్నాబెన్ ఇద్దరినీ కలిపి ఒకే వాయిలో తిట్టింది. పేరు మారితే మందు మారుతుంది, మందు మారితే ప్రాణం మారుతుంది, ఇది మీ కార్ఖానా అనుకున్నారా అని అడిగింది. ఇద్దరూ తలలు వంచుకున్నారు. తర్వాత పట్టీ కత్తిరించి, అసలు నరహరి వేలు గుచ్చింది. నూట ఇరవై ఒకటి.

డాక్టరు వచ్చాడు. చిన్నవాడే, నిదానస్థుడు. పాలు కలిసిన చాయ్ కాబట్టి ఇంకొంచెం ఆగాలని, నరహరిని అందరికంటే చివరికి మార్చాడు. అతని వంతు చున్నీ అమ్మాయికి వచ్చింది. లోపలికి పోతూ ఆ అమ్మాయి సోమలింగం ముందు ఆగి, చున్నీ కొంచెం పక్కకు తీసి చూపించింది. తల మీద సన్నగా, మెత్తగా నూగు మొలిచి ఉంది. "నూనె లేకుండానే వస్తోంది చాచా" అని నవ్వింది. సోమలింగం ముంజేతితో ముక్కు తుడుచుకున్నాడు.

తర్వాత డాక్టరు, జిగ్నాబెన్ రాసిన చీటీ మీది అంకె మరోసారి చూశాడు. "సరే. మరి ఈ మూడు వందల ఇరవై రెండు ఎవరిది?"

అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. సోమలింగం వేలు జేబులో దాచుకున్నాడు.

"రాత్రి నుంచి నిజంగా ఏమీ తినలేదా?"

"మా అమ్మ మీద ఒట్టు, డాక్టర్ సాబ్."

"దాహం ఎక్కువేస్తుందా?"

"కార్ఖానాలో ఉక్క."

"రాత్రి ఎన్నిసార్లు లేస్తారు?"

"నాలుగైదు. నీళ్లు ఎక్కువ తాగుతా కదా."

"కాళ్లు తిమ్మిర్లు?"

"పన్నెండు గంటలు నిలబడితే ఎవరికి రావు?"

డాక్టరు అతని పక్కన కూర్చున్నాడు. "అన్నిటికీ మీ దగ్గర జవాబుంది. అందుకే ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. మీకు చక్కెర జబ్బు ఉంది. చాలా రోజులుగా ఉన్నట్టుంది. మూడు నెలల సగటు చెప్పే రక్త పరీక్ష ఒకటుంది, కింద లాబులో ఇప్పుడే ఇచ్చి పోండి. మందులు మొదలుపెట్టాలి."

నరహరి బామ్మర్ది ముఖంలోకి చూశాడు. ఎనిమిది నెలలుగా ఆ ముఖం లోపలికి పోయి, దవడలు తేలిన సంగతి ఇప్పుడే కనబడింది. ఇద్దరి మగ్గాలు చూసి, తన కోసం దవాఖానాల చుట్టూ తిరిగి చిక్కిపోయాడనుకున్నాడు. రోగం ఒక్క తనకే వచ్చినట్టు, చూసుకోవలసినవాళ్లంతా తననే చూడాలన్నట్టు ఉన్నాడు ఇన్నాళ్లూ. దుఃఖం ఆగలేదు.

"నన్ను చూసుకుంట నిన్ను నువ్వు చూసుకోకపోతివిరా."

"ఊకో బావా. ఏడిస్తే గూడ చక్కెర ఖర్చయితదేమో. ముందు నీ పని కానీ" అన్నాడు సోమలింగం, తనూ ఏడుస్తూ.

పదకొండున్నరకు నరహరికి సూది ఇచ్చి, దీపం తగ్గించిన చిన్న గదిలో పడుకోబెట్టారు. గంటసేపు కదలకూడదు, మాట్లాడకూడదు. ఆ చక్కెర ఒళ్లంతా తిరుగుతూ, ఆకలిగొన్నవాడు ఎక్కడైనా దాక్కున్నాడా అని సందు సందూ వెతుకుతోందనుకున్నాడు నరహరి. భయం వేసింది. దాక్కుని ఉంటే కనబడనీ అని కూడా అనుకున్నాడు. పొద్దుటి నుంచి అతను చేసిన పనుల్లో అన్నిటికంటే కష్టమైనది అదే.

గురువారం సాయంత్రం రిపోర్టు. కొమురవ్వ కూడా వచ్చింది. సోమలింగం తన మాత్రల చీటీ చొక్కా జేబులో పెట్టుకొని గోడవారన నిలబడ్డాడు. డాక్టరు కంప్యూటరు తెర వాళ్ల వైపు తిప్పాడు. తెర మీద నరహరి నిలువెత్తున ఉన్నాడు.

"మెడలో ఏమీ లేదు. ఛాతీలో లేదు. కడుపులో లేదు. రోగం ఎక్కడా మెరవలేదు" అన్నాడు డాక్టరు. "ఫోటో చాలా శుభ్రంగా వచ్చింది. నమ్మొచ్చు."

హారతి తండ్రి భుజం మీద ముఖం దాచుకుంది. నరహరి బామ్మర్ది చెయ్యి పట్టుకున్నాడు. సోమలింగం గోడ వైపు తిరిగి గట్టిగా ముక్కు చీదాడు.

కొమురవ్వ ఒక్కతే తెర మీది నుంచి చూపు తిప్పలేదు. తల ఉన్న చోట పొయ్యిలో నిప్పుల్లాగా ఎర్రగా, పసుపుగా మండిపోతోంది.

"అయ్యో, డాక్టర్ సాబ్! గా నెత్తిల అంత మంట ఏంది?"

హారతి హిందీలో అడిగింది. డాక్టరు నవ్వాడు. "అది మెదడు. పని చేసే మెదడు చక్కెర బాగా తింటుంది. అందరికీ అలాగే మెరుస్తుంది, భయం లేదు."

హారతి తెలుగులో చెప్పిన మాట కొమురవ్వ పూర్తిగా విన్నది. మొగుణ్ణి ఒకసారి చూసింది, తమ్ముణ్ణి ఒకసారి చూసింది, మళ్లీ తెర చూసింది. చాయ్ గ్లాసు, పేరు పట్టీ, రాగి గిన్నె, అన్నీ రెండు రోజులుగా విని ఉన్న మనిషి.

"బిడ్డా, గా ఫోటో మీద పేరు ఇంకోపారి సూడుమను" అంది.

డాక్టరు చూశాడు. నరహరిదే.